మంద వెంట నడిచే సాయం: విశాఖ పరిసరాల జీవాల కాపరులతో పనిచేయబోయే వారికి

తుపాను వెలిసిన మర్నాడు విశాఖపట్నం నుంచి సహాయ సామగ్రితో బయలుదేరే వాహనాలు ఇళ్ల వైపు వెళతాయి. పైకప్పు లేచిపోయిన ఇల్లు, నీరు నిలిచిన వీధి కంటికి కనిపిస్తాయి కాబట్టి బియ్యం, పప్పు, దుప్పట్లు ఆ గుమ్మాల ముందే దిగుతాయి. గొర్రెలు, మేకలు మేపుకొని బతికే కుటుంబానికి నష్టం గుమ్మంలో జరగదు. ఊరికి ఆమడ దూరంలో, ఎవరి పొలంలోనో, ఏ కొండవాలులోనో తడిసి వణుకుతున్న మందలో జరుగుతుంది. ఆ మంద దగ్గరకు వాహనం వెళ్లదు, ఆ నష్టం వీధివారీగా రాసుకునే జాబితాకు ఎక్కదు. భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి మండలాల్లోను, 2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనతో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన పొరుగు మండలాల్లోను జీవాల కాపరులతో పనిచేయాలనుకునే స్వచ్ఛంద కార్యకర్తలకు, విద్యార్థి బృందాలకు, చిన్న సంస్థలకు ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. కాపరిని నిరుపేదగా భావించి మొదలుపెట్టిన పని చాలాసార్లు దారి తప్పుతుంది. వంద జీవాలున్న కాపరి ఆస్తి విలువ, సాయం పట్టుకొచ్చిన కార్యకర్త దాచుకున్న సొమ్ము కంటే ఎక్కువే ఉండవచ్చు. అయితే ఆ ఆస్తి బ్యాంకులో ఉండదు, ప్రాణంతో ఉంటుంది. దానికి రోజూ మేత కావాలి, నీరు కావాలి, నడవడానికి దారి కావాలి, పడుకోవడానికి ఆరిన నేల కావాలి. వీటిలో ఏ ఒక్కటి వారం రోజులు అందకపోయినా పదేళ్లుగా పెంచుకున్న మంద సగమైపోతుంది. అందుచేత మనం చేసే సాయం విలువను దాని పరిమాణంతో కాక, అది అందిన వేళతో కొలవాలి.

ముందు ఏడాది వరస తెలుసుకోవాలి

మంద ఏ నెలలో ఎక్కడ ఉంటుందో తెలియకుండా ఏ కార్యక్రమమూ మొదలుపెట్టకూడదు. మన పల్లపు ఊళ్లలో ఈ వరసను నిర్ణయించేది వరి. ఆషాఢ శ్రావణాల్లో నాట్లు పడగానే పల్లం మూసుకుపోతుంది. గట్టు మీద మేపినా చేను తిన్నదన్న తగవు వస్తుంది కనుక మందలు మెట్టలకు, కొండవాలులకు, చెరువు గట్లకు, తోటలకు ఎక్కుతాయి. కోతలైన తర్వాత పల్లం తెరుచుకుంటుందని బయటివారు అనుకుంటారు గాని, వరి కోతకు ముందే ఆ చేలోనే పెసర, మినుము చల్లే అలవాటు ఉన్న చోట్ల ఆ పొలాలు మాఘ ఫాల్గుణాల దాకా మళ్లీ మూసే ఉంటాయి. అపరాలు ఇంటికి చేరాక, అంటే ఉగాది ముందువెనుకల నుంచి తొలకరి దాకా మాత్రమే పల్లం నిజంగా కాపరిది. రైతులు తమ చేలో రాత్రిపూట మంద కట్టించుకొని, ఎరువుకు బదులుగా ధాన్యమో డబ్బో ఇచ్చేది కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. వానాకాలంలో కొండలు పచ్చగా ఉన్నా తిరగడానికి చోటు చాలని ఇరుకు ఒక రకం కరవు. నడివేసవిలో చోటున్నా నీరు లేని కరవు మరొక రకం. మొదటిదానికి దారి గురించి, భూమి గురించి మాట్లాడాలి, రెండోదానికి తొట్లు, నీరు, నీడ ఏర్పాటు చేయాలి. రెండింటికీ దాణా బస్తాలే పరిష్కారమనుకుంటే డబ్బు వృథా అవుతుంది.

ఈ వరసను కాగితం మీద ప్రశ్నావళితో రాబట్టడం కష్టం. ఇంగ్లీషు నెలల పేర్లతో అడిగితే తడుముకొని చెబుతారు. పండుగలతో అడిగితే తేదీలంత కచ్చితంగా చెబుతారు. ‘పైడితల్లమ్మ సిరిమాను నాటికి మంద ఎటేపు తోలుతారు, సంక్రాంతికి ఎక్కడుంటారు, సింహాచలం చందనోత్సవం నాటికి ఎవరి చేలో కడతారు’ అని అడిగి (సిరిమాను దసరా తర్వాత, చందనోత్సవం వైశాఖంలో వస్తాయి), నేల మీద గీతలు గీసి, ఆ గీతల పక్కనే మేత ఎక్కువ తక్కువలు, నీరు, జీవాలు ఈనే వేళ, అమ్మకాలు, జబ్బులు వచ్చే కాలం వారిచేతనే గుర్తు పెట్టించాలి. ఇదే పనిని ఆడవారితో విడిగా మరొకసారి చేయాలి. మగవారు మందతో వెళ్లినప్పుడు ఇంటి దగ్గర మిగిలిపోయే లేత గొర్రెపిల్లలు, మేకపిల్లలు, కుంటివి, చూలు నిండినవి ఆడవారి చేతుల్లోనే ఉంటాయి కనుక, ఆ జీవాల పిల్లల మరణాల గురించి, అప్పుల గురించి వారు చెప్పే లెక్క వేరుగా ఉంటుంది, చాలాసార్లు అదే సరైనది.

కలుసుకునే వేళ, మాట్లాడే తీరు

మేము తొలిసారి ఒక కొండకింద ఊరికి ఉదయం పదకొండు గంటలకు సమావేశం పెట్టుకొని వెళ్లాం. చెట్టు కింద నలభై మంది దాకా కూర్చున్నారు, శ్రద్ధగా విన్నారు, తెచ్చిన సామాను పంచుకున్నారు. వారిలో మంద ఉన్నవారు ఒక్కరూ లేరన్న సంగతి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాకు ఎదురైన మందను చూశాకగాని తెలియలేదు. కాపరిని కలవాలంటే తెల్లవారుజామున మంద లేవకముందో, పొద్దుగూకి మంద దొడ్డికి చేరిన తర్వాతో వెళ్లాలి. రాత్రి చేలో మంద కట్టిన చోటికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. కాపలా కాస్తూ మెలకువగా ఉండేవారికి మాట్లాడే తీరిక అప్పుడే ఉంటుంది. టార్చిలైటు మంద మీదికి కొట్టకూడదు, బెదిరిన మంద చెదిరితే ఆ రాత్రి వారికి నిద్ర ఉండదు.

వయసులో పెద్దవారిని ‘తాతా’ అనో ‘పెద్దయ్యా’ అనో, ఈడువారిని ‘అన్నా’ అనో పిలిచి, ‘మీరు’ అని మాట్లాడటం మర్యాద. చదువుకున్న కుర్రవాళ్లు అరవై ఏళ్ల కాపరిని ఏకవచనంలో పలకరించడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం, అది వినగానే అవతలివారి మాట సగానికి తగ్గిపోతుంది. ఇచ్చిన మజ్జిగో టీయో కాదనకుండా తీసుకోవాలి. జీవాల ఆరోగ్యం అడిగిన తర్వాతే ఇంటి సంగతులు అడగడం వారి వరస, మనమూ ఆ వరసనే పాటించాలి.

‘మీకు ఎన్ని జీవాలున్నాయి’ అని నలుగురిలో అడగకూడదు. దిష్టి తగులుతుందన్న భయం ఒకటుంటే, లెక్క పైకి పొక్కితే పథకాల్లో పేరు పోతుందేమోనన్న అనుమానం, దొంగల భయం మరికొన్ని ఉంటాయి. చెప్పినా సగమే చెబుతారు. అసలు సంఖ్య తెలియకుండానే చాలా తెలుసుకునే మార్గం ఒకటుంది. నూరు చింతపిక్కలు చేతికిచ్చి, ‘ఇది మీ మంద అనుకోండి, కిందటి ఏడాది ఇందులో ఎన్ని అమ్మారు, ఎన్ని జబ్బుతో పోయాయి, ఎన్ని కుక్కలు పట్టాయి, ఎన్ని దొంగలు ఎత్తుకుపోయారు’ అని కుప్పలుగా విడదీయమనాలి. తర్వాత జబ్బుల కుప్పను మళ్లీ విడదీసి, ఏ జబ్బుకు ఎన్నో పెట్టమనాలి. పశువైద్యులు ఆఫ్రికాలోని పశుపాలకుల మధ్య గులకరాళ్లతో దశాబ్దాలుగా చేస్తున్న పద్ధతే ఇది. చింతపిక్కలతో మన దగ్గర మరింత సులువుగా సాగుతుంది, పిక్కలు వేస్తూ ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకుంటారు. నగర శివారు ఊళ్లలో ఇలా చేయించినప్పుడు వీధికుక్కల కుప్ప మేము ఊహించినదానికంటే పెద్దదిగా రావడంతో, టీకాల కంటే ముందు రాత్రి దొడ్డికి ఎత్తైన ఇనుపవల కంచె కట్టించవలసి వచ్చింది.

తుపానుకు ముందు

ఆశ్వయుజ, కార్తీకాలు విశాఖ తీరానికి తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు, చెట్లు లెక్కకు మిక్కిలిగా కూలాయి. ఈ రెండు సంగతుల నుంచీ నేర్చుకోవలసింది ఉంది. ఫోన్లు ఉండవు కనుక, తుపాను తర్వాత ఎక్కడ కలుసుకోవాలో ముందే మాట అనుకోవాలి: ఫలానా గుడి మంటపం దగ్గర, మూడో రోజు పొద్దున అని. చెట్లు, పాత మట్టిగోడలు కూలుతాయి కనుక వాటి కింద మంద కట్టవద్దని చెప్పాలి. వానకు జీవాలు చేరేది అక్కడికే కాబట్టి, వద్దని చెప్పి ఊరుకోకుండా ప్రత్యామ్నాయం చూపించాలి.

ఆ ప్రత్యామ్నాయం వెతకడమే తుపానుకు ముందు చేయవలసిన అసలు పని. తుపాను రక్షిత భవనాల్లోకి మనుషుల్ని రానిస్తారు, మందను రానివ్వరు. మందను వదిలి కాపరి రాడు. ఎత్తైన నేల మీదున్న రేకుల షెడ్లు, గోదాములు, కల్యాణ మంటపాల వంటి వాటిని వేసవిలోనే తిరిగి చూసుకొని, యజమానులతో మాట్లాడి, రెండు రాత్రులకు మంద పెట్టుకోవడానికి ఒప్పించాలి. శుభ్రం చేసి అప్పగించే బాధ్యత మన బృందం తీసుకుంటే చాలామంది ఒప్పుకుంటారు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం విడుదల చేసే సమాచారాన్ని మందల వారికి చేరవేయడానికి ప్రతి దారికీ ఒక మనిషిని ముందే అనుకోవాలి.

వేసవి పిడుగుల గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఉరుము వినపడగానే ఒంటరి తాటిచెట్టు కిందికో, చింతచెట్టు కిందికో మందతో సహా చేరడం ప్రాణం తీసే అలవాటు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగుల హెచ్చరికలు పంపుతుంది. అవి కాపరి ఫోనుకు చేరేలా చూడటం, పక్కా కప్పు అందుబాటులో లేనప్పుడు చెట్లకు, తీగ కంచెలకు దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుకూర్చోవాలని చూపించడం ఖర్చు లేని పని.

తుపాను తర్వాత మొదటి పది రోజులు

విపత్తుల్లో పశుపాలకులకు సాయం ఎలా చేయాలన్న దానిపై లెగ్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. 2009లో మొదటిసారి, 2023లో మూడోసారి ప్రచురించిన ఈ ప్రమాణాలు, మనుషుల సహాయానికి వాడే స్పియర్ ప్రమాణాలకు తోడుగా ఉంటాయి. వాటి సారాన్ని మన మాటల్లో చెప్పుకుంటే మూడు మెట్లు: ముందు బతికించే సాయం, తర్వాత మిగిలిన మందను నిలబెట్టే సాయం, ఆ తర్వాత పోయినదాన్ని తిరిగి కూర్చే సాయం. మన బృందాలు సాధారణంగా మూడో మెట్టు నుంచి మొదలుపెడతాయి, ఎందుకంటే గొర్రెపిల్లను చేతికిస్తున్న ఫొటో బాగుంటుంది. చచ్చిన పది జీవాలకు బదులు కొత్తవి కొనివ్వడం కంటే, మిగిలిన తొంభైని బతికించడం చవక, మేలు.

మొదటి రోజు వెళ్లేటప్పుడు పొడి వరిగడ్డి, బెల్లం, ఉప్పు, గోనెసంచులు తీసుకువెళ్లాలి. తడిసి చలికి వణికే గొర్రెపిల్లలను, మేకపిల్లలను గోనెతో తుడిచి, ఆరిన చోట గడ్డి మీద పడుకోబెట్టి, తల్లిపాలు తాగేలా చూస్తేనే సగం ప్రాణాలు నిలుస్తాయి. మేత లెక్క ఇలా వేసుకోవాలి: ముప్పై కిలోల గొర్రెకు రోజుకు దాదాపు ఒక కిలో ఎండుమేత కావాలి, అంటే రెండు వందల మందకు రెండు క్వింటాళ్లు. పూర్తి మేత పెట్టే స్తోమత చిన్న బృందానికి ఉండదు కనుక, అందులో సగం చొప్పున, బయట మేత మళ్లీ దొరికే వరకు వారం పది రోజులు ఇవ్వగలిగితే చాలు. చూలువి, పాలిచ్చేవి, ఏడాది లోపు ఆడ జీవాలు ముందు. మంద మళ్లీ పెరిగేది వాటితోనే. పొట్టేళ్లకు తర్వాత.

దాణా విషయంలో మేము చేసిన తప్పు చెప్పకుండా ఉండలేను. ఒక తుపాను తర్వాత దాతలు పంపిన దాణాను, ఎప్పుడూ గడ్డి తప్ప ఎరుగని మందకు ఒకేసారి కడుపునిండా పెట్టించాం. మర్నాటికి కడుపులు బిగిసి, నాలుగు జీవాలు చనిపోయాయి. గింజలు, దాణా అలవాటు లేని జీవం ఒక్కసారిగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి చనిపోతుంది. తొలిరోజు ఒక్కోదానికి యాభై గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో మెల్లగా పెంచాలి. ఇదే ప్రమాదం కళ్లాల్లో తడిసి కుప్పలుగా పడి ఉన్న ధాన్యంతోనూ ఉంటుంది, కాబట్టి ఆ కళ్లాల దరిదాపులకు మందను పోనివ్వవద్దని హెచ్చరించాలి. బూజు పట్టిన గడ్డి ఉచితంగా వచ్చినా తీసుకోకూడదు. బెట్టకు వాడి, వాన పడ్డాక మళ్లీ చిగిర్చిన జొన్న పిలకల్లో నాము అనే విషం ఉంటుందని కాపరులకు మనకంటే బాగా తెలుసు, అయినా ఆకలి మీదున్న మందను ఆపడానికి అదనపు మనుషులు కావాలి. మన కుర్రవాళ్లు ఉపయోగపడేది అలాంటి చోట.

చనిపోయిన జీవాలను చెరువులోకో కాలువలోకో విసరనివ్వకూడదు. తాగునీటి బావులకు దూరంగా, నీరు ఊరని ఎత్తు నేలలో లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. అయితే పూడ్చే ముందు కాగితాల పని ఒకటుంది, దాని గురించి కింద చెబుతాను.

మనుషులకు ఇచ్చే సామాను గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మందతో ఉండేవారికి కావలసింది తేలికగా మోయగలిగే టార్పాలిన్, టార్చి, వంటకు కొద్దిపాటి పొడి కట్టెలు, కాళ్లకు బూట్లు, పాముకాటుకు ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలిసిన ఒక ఫోను నంబరు. పాతిక కిలోల బియ్యం బస్తా మోసుకుంటూ మంద తోలలేరు. రేషను కార్డు మీద బియ్యాన్ని సొంత ఊళ్లోనే కాక ఏ చౌకధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చన్న సంగతి దారి మధ్యలో ఉన్న చాలామందికి తెలియదు. కార్డు, ఆధార్ పట్టుకొని వారితో ఒకసారి వెంట వెళ్లి ఇప్పిస్తే తర్వాత వారే తెచ్చుకుంటారు.

నీటి కరవు ముదిరినప్పుడు

వేసవిలో ఒక్కో జీవానికి రోజుకు నాలుగైదు లీటర్ల నీరు కావాలి, రెండు వందల మందకు వెయ్యి లీటర్లు. ట్యాంకరు మాట్లాడటం తేలిక, తొట్టి లేకపోవడమే ఇబ్బంది. దారి పొడవునా మంద ఆగే చోట్ల పాత సిమెంటు తొట్లనైనా బాగుచేయించి, దగ్గరి బోరు యజమానికి కరెంటు ఖర్చు ఇచ్చే ఒప్పందం చేసుకోవడం ట్యాంకర్ల కంటే నిలకడైన పని.

కరవు ఇంకా ముదిరితే అమ్మకమే సాయమవుతుంది. 2006లో దక్షిణ ఇథియోపియాలోని మోయాలే ప్రాంతంలో కరవు వచ్చినప్పుడు, పశువులు బక్కచిక్కి చచ్చేలోగా కొనుక్కోమని వ్యాపారులను తీసుకువచ్చి, అప్పులిప్పించి, సుమారు 20 వేల పశువులను కొనిపించారు. ఆ డబ్బుతో పశుపాలకులు తిండి కొనుక్కున్నారు, మిగిలిన పశువులకు మేత కొన్నారు, వాటిని మేత ఉన్నచోటికి తరలించారు. మనకు ఇక్కడ వర్తించేది ఒకటే: ధర పడిపోకముందే, అంటే ఎముకలు కనిపించకముందే, ముసలి గొర్రెలను, అదనపు పొట్టేళ్లను అమ్ముకోవడానికి నగరంలోని మాంసం వ్యాపారులను కాపరుల దగ్గరకు నేరుగా తీసుకురావాలి. తూకం కాటా మనమే పట్టుకెళ్లాలి. ‘కంటిచూపు’ బేరంలో ఎవరు నష్టపోతారో వేరే చెప్పనక్కరలేదు.

టీకాలు, నట్టల మందు

సూది వేసే పని పశువైద్య సిబ్బందిది. వారిని, మందను ఒకే చోట ఒకే వేళకు కలపడం మన పని. గ్రామ పశుసంవర్ధక సహాయకులు రైతు సేవా కేంద్రంలో ఉంటారు, అత్యవసరానికి 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చిటుక వ్యాధికి టీకా వానలకు ముందే, మే నెలలో పడాలి, ఎందుకంటే తొలకరి లేతపచ్చిక ఆబగా తిన్న బలమైన జీవాలనే ఆ జబ్బు పడగొడుతుంది. నీలినాలుకను వ్యాపింపజేసేది వానాకాలపు చిన్న దోమల వంటి కీటకాలు, కనుక దాని టీకా శ్రావణం నాటికే అయిపోవాలి, రాత్రి మంద దగ్గర పొగ వేయాలి. పారుడు రోగానికి (పీపీఆర్) ఒకసారి వేసిన టీకా మూడేళ్లు కాపాడుతుంది. 2011లో పశువుల ముసర వ్యాధి భూమి మీద లేకుండా పోయినట్లే, పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచి తొలగించాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. తిరిగే మందలను వదిలేసి ఇంటి దగ్గరున్నవాటికే సూదులు వేస్తే ఆ లక్ష్యం నెరవేరదు.

టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, కలిపిన టీకాను గంటా రెండు గంటల్లో వాడేయాలి. అందువల్ల ఐసు పెట్టె, తెల్లవారుజాము, ఇరుకు దొడ్డి, పట్టుకోవడానికి నలుగురు మనుషులు ఉంటే ఒక పొద్దులో రెండు మందలు పూర్తవుతాయి. జబ్బుగా ఉన్నవాటికి, తుపానులో నీరసించినవాటికి ఆ రోజే టీకా వేయించమని పట్టుబట్టకూడదు. చెరువు గర్భాల్లో మేసే మందకు జలగ వ్యాధి (కాలేయంలో చేరే చదునైన పురుగు) మందు వేరుగా కావాలి, మామూలు నట్టల (కడుపులోని పురుగుల) మందులు చాలావరకు దానిమీద పనిచేయవు. ఒకే మందును ఏటా తక్కువ మోతాదులో తాగిస్తే నట్టలు దానికి లొంగవు. బరువు అంచనా వేసి, పూర్తి మోతాదు తాగించడానికి ఒకరోజు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

నష్టం కాగితమెక్కాలంటే

తన ఊరు ఒక మండలంలో, చచ్చిన మంద మరో మండలంలో ఉన్న కాపరికి పరిహారం అందకపోవడానికి సాధారణంగా ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు. లెక్కలు తీసేవారు నివాసాన్ని బట్టి తీస్తారు. జీవం చనిపోయిన చోటి గ్రామ సచివాలయానికి, పశువైద్యాధికారికి ఆ రోజే తెలియజేసి, పూడ్చేలోగా పంచనామా, శవపరీక్ష జరిగేలా చూడాలి. కళేబరం, కాపరి, ఆ చోటు గుర్తుపట్టగలిగే ఏదైనా ఆనవాలు ఒకే ఫొటోలో రావాలి. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన ప్రమాణాల్లో గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు, ఒక్కో కుటుంబానికి 30 చిన్న జీవాల వరకే అని ఉంది. నూటయాభై పోగొట్టుకున్నవాడికి ముప్పైకే పరిహారం వస్తుందన్నమాట. ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి; లేనిపోని ఆశ పెట్టినవాడి మీద తర్వాత నమ్మకం ఉండదు. దరఖాస్తు వేసే నాటికి అమలులో ఉన్న రేట్లను మండల కార్యాలయంలో సరిచూసుకోవాలి.

ఆ పరిమితి వల్లనే బీమా ముఖ్యమవుతుంది. జాతీయ పశుగణ పథకం కింద బీమా రుసుములో యజమాని వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. ప్రతి జీవానికీ గుర్తింపు చెవిపోగు వేయించాలి, జీవం చనిపోయినప్పుడు ఆ పోగు చూపలేకపోతే బీమా సొమ్ము రావడం కష్టం, కంచెల్లో చిక్కి పోగులు ఊడిపోతుంటాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు మందలో పోగులు సరిచూసి, ఊడినవాటికి వెంటనే కొత్తవి వేయించే పనిని బృందంలో ఒకరికి అప్పగించాలి.

దారి, మేత భూమి

నగరం పెరిగేకొద్దీ మేత పోరంబోకులు, గయాళులు (సాగులేని బీడు భూములు) లేఅవుట్లుగా మారాయి; మంద నడిచే బాట ఒకచోట ప్రహరీకి, మరోచోట రహదారికి అడ్డం తగులుతోంది. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రహదారిని మంద దాటించడం ఎంత ప్రమాదమో చూసినవారికే తెలుస్తుంది. రహదారి కింద ఉన్న దారులను గుర్తించి, వాటిలో నీరు నిలవకుండా చూడమని సంబంధిత అధికారులకు వినతి ఇవ్వడం, మందకు ముందు వెనుక నడిచేవారికి మెరిసే చొక్కాలు ఇవ్వడం వెంటనే చేయగలిగినవి.

పంట తిన్నదన్న తగవులో రైతు మందను బందెలదొడ్డికి తోలిస్తే, కాపరికి జరిమానాతో పాటు ఆ రోజు మేత కూడా పోతుంది. మన బృందం ఎవరి పక్షమూ వహించకుండా, నాట్లకు ముందే రైతు పెద్దలను, మందల పెద్దలను కూర్చోబెట్టి, ఏ గట్టు మీదుగా, ఏ కాలువ పక్కగా నడవాలో, నష్టం జరిగితే ఎవరు వచ్చి చూడాలో నోటిమాటగా కాక ఊరి పుస్తకంలో రాయించాలి.

అడవి అంచు ఊళ్లలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉపయోగపడుతుంది. దాని మూడో సెక్షను, ఒకటో ఉపసెక్షను ‘డి’ క్లాజులో మేత హక్కు, సంచార పశుపాలకులకు రుతువులవారీగా అడవిని వాడుకునే సంప్రదాయ హక్కు స్పష్టంగా ఉన్నాయి. గిరిజనులు కానివారు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి ఉన్నట్లు చూపించాలి. సామూహిక హక్కుకు ఫారం-బి నింపి గ్రామసభకు ఇవ్వాలి. పశుపాలకుల దావాలన్నీ పరిశీలనకు వచ్చాయో లేదో చూడవలసిన బాధ్యతను నిబంధనలు జిల్లా స్థాయి కమిటీ మీద పెట్టాయి. చిక్కల్లా గ్రామసభ జరిగే రోజున కాపరి ఊళ్లో ఉండకపోవడమే. ముందు తయారుచేసిన ఏడాది వరస ఇక్కడ సాక్ష్యంగాను, సభ తేదీ నిర్ణయించడానికి ఆధారంగాను పనికివస్తుంది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. వినతిపత్రంలో ఆ మాట ఒక వాక్యంగా చేర్చితే అధికారి మరో నిమిషం చదువుతారు, అంతకుమించి ఆశించనక్కరలేదు.

జీవాలు కొనిచ్చే ముందు

పోయినవాటికి బదులు కొనివ్వాలనుకుంటే మేత తిరిగి మొలిచేదాకా, కనీసం రెండు మూడు నెలలు ఆగాలి. దూరపు సంతలో ఒకేసారి కొని లారీలో తెచ్చిన జీవాలు దారిలో నలిగి, జబ్బు మోసుకొచ్చి, ఉన్న మందకు కూడా అంటిస్తాయి. పొరుగు మందల్లోనే, అదే కొండ ఎక్కి అదే నీరు తాగిన ఆడజీవాలను కాపరులచేతనే ఎంపిక చేయించి కొనాలి. ఎక్కడినుంచి తెచ్చినా మూడు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు, టీకాలు అయ్యాకే మందలో కలపాలి. ఎవరికి ఇవ్వాలన్నది కాపరుల సంఘమే తేల్చాలి; కష్టకాలంలో చుట్టం చుట్టానికి గొర్రెపిల్లను ఇచ్చి మందను నిలబెట్టే ఆనవాయితీ వారిలో ఉంటే, మన సాయాన్ని ఆ ఆనవాయితీకి చేర్చాలి, దానికి పోటీగా పెట్టకూడదు. రెండు జీవాలు ఇచ్చి వదిలేస్తే అవి పండుగ అప్పుకు అమ్ముడుపోతాయి. మళ్లీ మంద తోలడానికి ఎన్ని ఉంటే చాలునో వారినే అడిగి, అన్నీ ఇవ్వలేకపోతే తక్కువ కుటుంబాలకే పూర్తిగా ఇవ్వాలి.

ఇచ్చినవాటి లెక్క చూడటానికి నెలనెలా వెళ్లనక్కరలేదు. సిరిమాను తర్వాత ఇచ్చి ఉంటే, మొదటిసారి సంక్రాంతి వెళ్లాక, రెండోసారి చందనోత్సవం దాటాక, మంద పల్లంలో కట్టి ఉన్న ఒక రాత్రి వెళ్లాలి. ఈనినవి ఎన్ని, పిల్లలు నిలిచినవి ఎన్ని అని అక్కడే, చింతపిక్కలతోనే అడగాలి.